తిరుగు మోత

రెండువేల ఇరవై ఐదు మార్చి పదహారు, క్రోధి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ విదియ, ఆదివారం మధ్యాహ్నం. స్థలం గురజాలలో ఒక ఉన్నత పాఠశాల వరండా. ఉన్నవారు ప్రధానోపాధ్యాయురాలు రామలక్ష్మిగారు, అటెండరు చెన్నకేశవులు, త్రికోటేశ్వరరావు అనే నేను. రావలసినవాడు షాహిద్, పదో తరగతి. శాసనాలు చదువుతూ బతికినవాణ్ణి కనుక ఏ సంగతినైనా తిథితోనూ సాక్షులతోనూ మొదలుపెట్టకపోతే నాకు మనసొప్పదు. అయితే ఇన్నేళ్ళలో నేను చూసిన ఏ రాతి మీదా రావలసి ఉండి రానివాడి పేరు చెక్కి లేదు. రాయికి వచ్చినవాళ్ళే లెక్క. వరండాలో పరిచిన నాపరాళ్ళ మీద ఎండ కొంచెం కొంచెంగా లోపలికి జరిగి నా చెప్పుల దాకా వచ్చింది. రామలక్ష్మిగారి బల్ల మీద, గాలికి ఎగరకుండా పెట్టిన సుద్దముక్కల డబ్బా కింద, షాహిద్ హాల్ టికెట్టు ఒక్కటే మిగిలి ఉంది. తక్కిన పిల్లలు నిన్ననే పట్టుకుపోయారు. రేపు ఉదయం పరీక్షలు మొదలవుతాయి. ఈ సాయంత్రం గదులకు తాళాలు వేసి బడిని పరీక్షలవాళ్ళకు అప్పగించాలి. ఆలోగా ఇంటివాళ్ళలో ఒకరూ, పిల్లవాడి బాధ్యత తీసుకున్న నేనూ సంతకాలు చేస్తేనే ఆ టికెట్టు బల్ల మీద నుంచి లేస్తుంది, అది ఈ బడి తనకు తాను పెట్టుకున్న నియమం. మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసి, మీ షాహిద్ పునశ్చరణ తరగతులకు రావడం మానేసి చాలా రోజులైంది, మీకు తెలుసనుకున్నాం, అన్నప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే తిరుగుతోంది: అదెలా అండీ, ఇవాళ తెల్లవారుజామున కూడా నాకు జవాబిచ్చాడు.

ఈ పనికి తోడు అని పేరు పెట్టారు. పదో తరగతి దాకా వచ్చి అక్కడ జారిపోయేట్టున్న పిల్లలకు ఊళ్ళో చదువుకున్నవాళ్ళను ఒక్కొక్కరికి ఒక్కొక్కరిని జతచేయడం, పరీక్ష గది గుమ్మం దాటించేవరకు ఆ పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉండమనడం. దసరా సెలవులు అయిపోయిన రోజుల్లో ఒక సాయంత్రం రామలక్ష్మిగారు నా గుమ్మంలో నిలబడి ఉన్నారు. విశ్వవిద్యాలయం వాళ్ళ శాసనాల పని మీద ఈ ఊరొచ్చి, ఆ పని మూతపడ్డాక తిరిగి వెళ్ళడానికి ఒక కారణం దొరకక ఇక్కడే ఉండిపోయినవాణ్ణి నేను; ఎవరెవరో రాసిన లావుపాటి పుస్తకాలకు చివర పదసూచికలు తయారుచేసి పంపుతూ ఉంటాను; ఏ పేరు ఏ పుటలో వస్తుందో చెప్పగలను గానీ ఎదురింటావిడ పేరు నాకు తెలియదు. పాఠం చెప్పడం నాకు రాదండీ, మనుషుల్లో తిరగను, అన్నాను. ఆవిడ నవ్వారు. "అదే మాకు కావాల్సిందండీ. తిరిగేవాళ్ళను పెట్టి చూశాం, పిల్లాడు పోయినప్పుడల్లా ఇంట్లో ఉండరు. మీరైతే ఎప్పుడొచ్చినా దొరుకుతారు." నా బతుకులో లోటుగా అందరూ ఎంచినదాన్ని ఒక అర్హతగా ఎంచినవారు అంతవరకు లేరు, ఆ తికమకలోనే సరేనన్నాను కాబోలు.

షాహిద్ వచ్చిన మొదటిరోజు నా గొంతు పెగల్లేదు. అంతకుముందు ఎన్నాళ్ళుగా ఎవరితోనూ మాట్లాడలేదో ఆ క్షణాన తెలిసింది. మాట జీరగా, నూనె ఎరగని తలుపులా కిర్రుమంటూ వచ్చింది, వాడు నీళ్ళబిందె ఎక్కడుందో తనే చూసుకుని గ్లాసు ముంచి నా చేతికిచ్చాడు, ఎవరింటికి ఎవరు వచ్చారో తెలియనట్లుగా. చేతివేళ్ళకు వార్నిషు మరకలు, చొక్కాకు కాలిన రాగితీగ వాసన. వాళ్ళన్న జావీద్‌కు బస్టాండు దారిలో మోటార్ వైండింగ్ షాపు ఉంది, తండ్రి పోయినప్పటి నుంచి ఇంటికి ఆ షాపే తండ్రి. గోడ వారగా ఉన్న దొంతరలన్నీ ఒకసారి చూసి, "ఇయ్యన్నీ చదివేశారా సార్?" అన్నాడు. దాదాపు, అన్నాను. "మరి ఇంకా ఎందుకు సార్ చదవడం?" ఆ ప్రశ్నకు జవాబు వెతకడం నేనింకా ముగించలేదు. నీకు భయం ఏ పరీక్షంటే, అని అడిగితే, "తెలుగు సార్. మాట్టాడతా, పోట్లాడతా, తిడతా గూడా. రాయమంటేనే రాదు," అన్నాడు. రేపటి పరీక్ష ఆ తెలుగే. గణవిభజన దగ్గర వాడు ప్రతిసారీ ఆగిపోయేవాడు. ఏది గురువో ఏది లఘువో కంటితో పోల్చుకోలేకపోతే, జేబులోంచి టెస్టరు తీయించి బల్ల మీద కొట్టమన్నాను, గురువుకు ఒక బరువైన దెబ్బ, లఘువుకు ఒక తేలికపాటిది. రెండో సాయంత్రానికి పద్యపాదం చదువుతూ, టెస్టరు కొనతో ఠక్కు ఠక్కున కొడుతూ, చేత్తోనే గణం విరగ్గొట్టసాగాడు. వాడు వెళ్ళిపోయాక కూడా ఆ బల్ల కొంతసేపు మోగుతున్నట్లే ఉండేది. నేను దీపం తీయకుండా కూర్చునేవాణ్ణి.

తెల్లవారుజామున లేపడం తోడు పనుల్లో ఒకటి, దానికి ఈ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. మనం ఫోను చేస్తాం, పిల్లవాడు ఎత్తకూడదు. ఎత్తితే పడుకునే ఊఁ ఊఁ అని మళ్ళీ కళ్ళు మూస్తాడని అందరి అనుభవమూ. కట్ చేసి, లేచి, ముఖం కడుక్కుని, అప్పుడు తను తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఆ తిరుగు మోత వచ్చిందంటే పుస్తకం ముందు కూర్చున్నట్లు. కాబట్టి ఇన్ని నెలల్లో ఫోనులో వాడి గొంతు నేను ఒక్కసారీ వినలేదు, వాడు నాది వినలేదు. ఉన్నదంతా ఒక మోత, దానికి ఒక మారుమోత. మొదట అది నాకు ఒక విధి. తరువాత్తరువాత, నేను ఫోను చేసి దాన్ని గుండెల మీద పెట్టుకుని, చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకుని, అది తిరిగి మోగే వరకు ఊపిరి కూడా మెల్లగా తీసుకునేవాణ్ణని గమనించాను. ఈ లోకంలో ఒకరు నాకు జవాబివ్వవలసి ఉండటం, ఇవ్వడం. మాఘం వెళ్ళి ఎండ ముదిరింది, రంజాను నెల వచ్చింది, అప్పటినుంచి ఇంకో వింత. మసీదు మైకులో, ఉపవాసాలవాళ్ళు తెల్లవారకముందు తినే సహరీకి పిలుపు వినబడుతూ ఉండగానే, నేను ఇంకా ఫోను అందుకోకముందే, అదే మోగి ఆగేది. అడగకముందే జవాబు. వాడి శ్రద్ధకు మురిసిపోయాను. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇక సాయంత్రాలు కూడా బడిలోనే చదివిస్తాం, పంపకండి, అన్నారు రామలక్ష్మిగారు; నేనూ ఒక పదసూచికలో తలమునకలై ఉన్నాను; వాడు రాకపోవడం వెలితిగా ఉండేది గానీ అనుమానంగా లేదు, ఎందుకంటే తెల్లవారేసరికి ఆ మోత ఉండనే ఉంది.

ఇప్పుడు, ఈ వరండాలో, మూడోసారో నాలుగోసారో ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. ఎండలో ఎక్కడో బస్తాల్లోకి మిరపకాయలు తొక్కుతున్నారు కాబోలు, ఘాటు గాలితో వచ్చి గొంతుకు తగులుతోంది. చెన్నకేశవులు మైదా జిగురు గిన్నె పట్టుకుని బెంచీలకు నంబర్లు అంటిస్తూ గది గుమ్మంలోకి వచ్చి తొంగిచూశాడు. అంతలో నా చేతిలో ఫోను మోగింది, రెండు మోతలు, ఆగింది. షాహిద్ నంబరే. లేచాను, చదువుతున్నాను, అని దాని అర్థం. మధ్యాహ్నం ఈ వేళప్పుడు! "ఏంది సార్, ఇంకా ఆడి కోసమేనా?" అన్నాడు చెన్నకేశవులు. జవాబు వస్తోంది చెన్నకేశవులూ, వాడే రావడం లేదు, అన్నాను. "ఆడు రాడు సార్. మోటార్ల సీజను. యాడ జూసినా బోర్లు కాలిపోతన్నయ్. నకరికల్లు కాడ ఆళ్ళన్నతో పైపులు లాగతంటే మా బామ్మర్ది చూశాడంట. ఇంగ మీరే పొయ్యి రాయండి పరీచ్చ, టెస్టరు నేనిస్తా." రామలక్ష్మిగారు లోపలినుంచి, "చెన్నకేశవులూ, నోరు కట్టుకుని నంబర్లు అంటించు," అన్నారు. నేను మళ్ళీ ఫోను చేశాను. మళ్ళీ రెండు మోతలు వెనక్కి వచ్చాయి. ఎత్తరా, ఈసారికి ఎత్తరా, అని నేను అనుకుంటున్నానే గానీ, ఎత్తకూడదని వాడికి నేర్పినవాణ్ణి నేనే.

నకరికల్లులో పైపులు లాగుతున్నవాడు ముఖం కడుక్కుని పుస్తకం ముందు కూర్చున్నానని నాకు ఎందుకు చెబుతాడు? రాళ్ళ మీద కూడా ఇలాంటివి చూశాను, దానమిచ్చినట్లు చెక్కి ఉంటుంది, భూమి మాత్రం ఎవరికీ దక్కి ఉండదు. అక్కడ నాకు బాధ కలగలేదు, అడుగున ఒక సూచన రాసి ముందుకు వెళ్ళాను. ఇక్కడ ముందుకు వెళ్ళడానికి పుట ఏదీ లేదు. ఏ వేకువ నుంచి ఆ మోత అబద్ధమైంది? ఆ వేకువల్లో నేనెంత హాయిగా లేచానో, కాఫీ కాచుకుంటూ కిటికీలోంచి వాడి ఇంటి దిక్కు ఎన్నిసార్లు చూశానో, అవన్నీ ఇప్పుడు వెనక్కి ఇచ్చేయాలా? ఈ ఏడు తప్పితే షాహిద్ ఇక బడి గుమ్మం ఎక్కడు. జావీద్ కూడా సప్లిమెంటరీ రాస్తాననే ఆ షాపులో కూర్చున్నాడట, ఆ సప్లిమెంటరీ ఇప్పటికీ రాలేదు. వేసవికి మోటార్లు కాలుతూనే ఉంటాయి. షాహిద్ మంచి పనివాడు అవుతాడు, పెళ్ళి చేసుకుంటాడు, బస్టాండు దారిలో నేను ఎదురైతే సలాం పెడతాడు, అంతకంటే నాకు ఏం కావాలి? ఏదో కావాలి. ఆ టెస్టరు కొన కింద పద్యం విరిగినప్పుడు వాడి ముఖంలో వచ్చిన వెలుగును ఒక్కసారైనా ఎవరైనా దిద్ది మార్కు వేయాలి. అది లేకపోతే ఆ సాయంత్రాలకు సాక్షిని నేనొక్కణ్ణే, ఒక్క సాక్షితో ఏ శాసనమూ నిలవదు.

గేటు చప్పుడైంది. తల మీది చున్నీ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో ఒక చిన్న బటన్ ఫోను పట్టుకుని ఒకామె దాదాపు పరిగెత్తుతూ వచ్చింది. నన్ను చూసి ఆగిపోయి, అరుగు మీద చేయి ఆన్చి ఊపిరి తీసుకుంది. షాహిద్ తల్లి అబిదా. ఒకసారి వాడితో సేమ్యా పంపినప్పుడు గిన్నె కోసం వచ్చి గుమ్మం బయటే నిలబడ్డది ఆమే. "సార్, మీకు ఒంట్లో బాగానే ఉందా?" అంది. నాకేమమ్మా, బాగానే ఉన్నాను. "మీ ఇంటికి పోయినా. తాళం! ఎప్పుడూ తాళం లేని ఇల్లు సార్ అది, నా గుండె జారిపోయింది. ఎదురింటామె మీరు బడికి పోయారంది. మజ్జాన్నం ఫోన్ల మీద ఫోన్లు కొడతా ఉంటిరి, నేనేమో తిరిగి కొడతా ఉన్నా, అయినా కొడతనే ఉంటిరి. పడిపోయినారో ఏందో అనుకుంటి." తిరిగి కొట్టింది మీరా, అన్నాను. "నేనే సార్. వాడు జావీద్‌తో పొయ్యినకాడ నుంచి నేనే కొడతన్నా. షాపులో పనోడు మానేశాడు సార్, జావీద్ ఒక్కడి వల్ల కాక తోలకపొయ్యాడు. పొయ్యేటప్పుడు ఫోను నా చేతిలో పెట్టి ఒకటికి రెండుసార్లు చెప్పిండు. అమ్మీ, సారు ఒక్కరే ఉంటారు, తెల్లారగట్ల ఆయన ఫోను వస్తది, ఎత్తమాక, కట్ చేసి తిరిగి కొట్టు, కొట్టకపోతే ఆయన లేవరు, లేచినా పలకరించే మనిషి లేడు, అని. సహరీకి పొయ్యి అంటిచ్చేటప్పుడే ముందు మీకు కొట్టేస్తన్నా, మళ్ళ మర్చిపోతానేమో అని."

నేను వాణ్ణి లేపడానికి ఫోను చేసేవాణ్ణమ్మా, అన్నాను. ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. "అదేంది సార్! సహరీకి ఇంటిల్లిపాదీ లేస్తాం, మమ్మల్ని ఇంకొకరు లేపేదేంది? మీ కోసమే అనుకుంటిమి." చెన్నకేశవులు జిగురు గిన్నె నేల మీద పెట్టేశాడు. "బాగుంది లెక్క! ఆళ్ళు మిమ్మల్ని లేపతన్నామని ఆళ్ళు, మీరు ఆణ్ణి లేపతన్నానని మీరు. ఇంతకీ మద్దెన చదివిందెవరంట?" ఎవరూ నవ్వకపోయేసరికి తనే సిగ్గుపడి, ఆమెకు మంచినీళ్ళు తేబోయి, ఆమెకు రోజా, ఉపవాసమని గుర్తొచ్చి గ్లాసు అక్కడే పెట్టేశాడు. నేను నాపరాళ్ళ వంక చూస్తూ కూర్చున్నాను. కోపం రావాలి, రాలేదు. బాధ వచ్చింది గానీ అది ఎక్కడిదో పోల్చుకోలేకపోయాను. ఒక పిల్లవాడు నా ఇంట్లో కొన్ని సాయంత్రాలు కూర్చుని, ఆ గోడలూ ఆ దొంతరలూ ఆ ఒక్క మంచం చూసి, వెళ్ళేటప్పుడు తన పని కన్న తల్లికి అప్పజెప్పి వెళ్ళాడు. ఆ పని నేను.

"పరీక్ష రేపని తెలుసా అబిదమ్మా?" అన్నారు రామలక్ష్మిగారు. "తెల్సు మేడం. రాత్రికి వస్తానన్నాడు. జావీదేమో మోటారు పైకి లేస్తేగాని పంపనంటాడు, ఈ ఏడు కాకపోతే సప్లిమెంటరీ ఉందిలే అంటాడు." "నీ పెద్దోడు కూడా అట్టాగే అన్నాడుగా. నేనే ఉన్నా అప్పుడు." అబిదా చున్నీ సరిచేసుకుని, బటన్ ఫోనులో జావీద్‌కు చేసింది. ఉర్దూలో మాట్లాడింది, మెల్లగా మొదలుపెట్టి, అంతకంతకూ గట్టిగా. ఇమ్తిహాన్, పరీక్ష, అన్న మాట మాటిమాటికీ వచ్చింది, ఒకచోట వాళ్ళ నాన్న పేరు నూర్ మొహమ్మద్ వచ్చింది. ఆమె ఫోను నా చేతికిచ్చింది. "సలాం సార్," అన్నాడు జావీద్. "పైపులు సగంలో ఉన్నయ్ సార్, వదిలిపెడితే మోటారు బోర్లో పడిపోతది, రైతు తోట ఎండిపోతది. అయినా అమ్మ మాట గదా. ఈ సగం లాగి, వాణ్ణి రోడ్డు కాడ దింపుతా. పిడుగురాళ్ళలో బస్సు మారాల." ఆ తరువాత ఇంకో గొంతు, నేను ఫోనులో ఎన్నడూ వినని గొంతు, కొంచెం బొంగురుగా, ఎండలో నీళ్ళు తాగని నోటితో, "సార్," అంది.

చెప్పవలసినవన్నీ వరుసగా పేర్చుకుని ఉన్నాను. నోటికి వచ్చింది ఒకటే. రేపు తెలుగు, అన్నాను. "తెల్సు సార్. పైపు మీద కొట్టుకుంటా గణాలు చూసుకుంటన్నా. జావీద్ భాయ్ తిడతన్నాడు, పైపు సొట్టలు పడతదంట." నవ్వాడు. "కోపమొచ్చిందా సార్?" లేదురా. "బస్సెక్కి మిస్డ్ కాల్ ఇస్తా. భాయ్ ఫోను నా కాడ ఉంటది. మీరు ఎత్తమాకండి." ఫోను ఆగిపోయింది. అబిదా దాన్ని తీసుకుని చున్నీ కొసతో తుడిచి, మరోసారి వస్తుందేమోనన్నట్లు అరచేతిలోనే పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

ఎండ నా మోకాళ్ళ మీదికి వచ్చింది, వచ్చి తగ్గింది. రోడ్డు మీద మిరపకాయలు కుక్కిన టిక్కీల లారీలు వెళుతున్నాయి. చెన్నకేశవులు గది తరువాత గదికి తాళం వేస్తూ వస్తున్నాడు. ఒక్కొక్క తాళం చప్పుడూ మాకు దగ్గరవుతోంది. ఇక ఆఫీసు గది ఒక్కటే. రామలక్ష్మిగారు కాగితం బయటికే తెచ్చి, అరుగు మీద పెట్టి, అబిదాకు చదివి వినిపించారు. ఫలానా విద్యార్థిని ప్రతి పరీక్షకూ వేళకు కేంద్రానికి చేరుస్తాము. ఈ బాధ్యత చివరి పరీక్ష ముగిసేవరకు. అబిదా పెన్ను తీసుకుని కుడినుంచి ఎడమకు, ఒక్కొక్క అక్షరాన్నీ మరొకదానితో ముడివేస్తూ తన పేరు రాసింది. పెన్ను నాకిస్తూ, "చివరి పరీచ్చ అయిపోయినాక ఇంగ కొట్టొద్దా సార్?" అంది. శాసనాల్లో సూర్యచంద్రులున్నంత కాలం అని గడువు రాస్తారు. ఎవరూ నమ్మకపోయినా రాస్తారు, గడువు లేని మాట ఒకటి ఉండాలని. ఈ కాగితానికి గడువు ఈ నెలాఖరు. ఆ తరువాతి వేకువలు నా కళ్ళ ముందు నిలిచాయి, మైకు పిలుపు లేనివి, మోత లేనివి. ఎవరినీ ఏదీ అడగకుండా బతకడం ఒక నిష్ఠ అనుకుంటూ ఇంత దూరం వచ్చాను. "కొట్టండమ్మా," అన్నాను. "అప్పుడప్పుడు." "అప్పుడప్పుడేంది సార్, రోజూ కొడతా. నేను ఎట్టాగూ నమాజుకి లేస్తా గదా."

"వాడు ఎక్కినట్టు తెలిస్తే సంతకం చేద్దురుగాని," అన్నారు రామలక్ష్మిగారు గడియారం చూసుకుంటూ, "తెలియకపోతే మాత్రం చేయకండి. రేపు రాకపోతే మాట పడేది మీరు." ఆవిడ చెప్పింది సబబే. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చెన్నకేశవులు తాళం చేత్తో పట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. అప్పుడు నా జేబులో ఫోను మోగింది, ఒకటి, రెండు, ఆగింది. పేరు లేని నంబరు. అబిదా తొంగిచూసి, "జావీద్‌దే," అంది. ముఖమంతా తెరుచుకుని, "ఎక్కిండు," అంది. "ఒకసారి చేసి మాట్లాడండి," అన్నారు రామలక్ష్మిగారు. ఆవిడకు తెలుసు, నాకూ ఇప్పుడు తెలుసు, తిరుగు మోత వెనుక ఏ బొటనవేలు ఉందో మోత చెప్పదు. బస్సు కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడిది కావచ్చు. బోరు పక్కన నిలబడి, తల్లికి సర్దిచెప్పడానికి నొక్కిన అన్నది కావచ్చు. ఫోను చేస్తే తెలుస్తుంది. ఎత్తమాకండి, అన్నాడు వాడు. నేను ఫోనును మళ్ళీ జేబులో వేసుకుని, కాగితాన్ని మోకాలి మీదికి తీసుకుని, తోడు అని అచ్చువేసి ఉన్నచోట నా పేరు పూర్తిగా, విడివిడి అక్షరాలతో రాసి, పాత రాళ్ళ మీద సంతకానికి రాసినట్లే చివర వ్రాలు అని చేర్చాను. రామలక్ష్మిగారు హాల్ టికెట్టు అబిదా చేతికిచ్చి, సంతకాల కాగితాన్ని రెండు మడతలు పెట్టి, లోపలికి వెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశారు.